యంత్రము చెప్పిన మాటకు పూచీ ఎవరిది?

(పుదుచ్చేరి పట్టణములో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



1936 జూలై 30న యీ పట్టణములో సవానా మిల్లు కార్మికులపై ఫ్రెంచి పోలీసులు కాల్పులు జరుపగా 12 మంది నేలకొరిగారు. 1937లో ఎనిమిది గంటల పనిదినము ఇక్కడ చట్టమైనది. హక్కును కలసి సాధించుకొనవలసినట్లే, దానిని గురించి కలసి తెలుసుకొనవలసియున్నదని మనవి చేయుటకే మేము ముందుగా ఆ అమరులను స్మరిస్తున్నాము.

నేడు సర్వీసు విషయములో సందేహము కలిగితే మన యువ సోదరులు అనేకులు సెల్‌ఫోనులో చాట్‌జీపీటీ వంటి కృత్రిమ మేధ యంత్రమును అడుగుతున్నారు. 2022 నవంబరులో వచ్చిన ఆ సాధనమును మేము నిందించుట లేదు. ఇంగ్లీషు ఉత్తరువును తెలుగులో వివరించుటకు, అర్జీ వ్రాయుటకు అది ఉపకరిస్తుంది. రాత్రి డ్యూటీలో ఉన్నవారికి సైతము విసుగు లేక బదులిస్తుంది. కాని దాని మాటనే నమ్మి నిర్ణయము తీసుకొనవచ్చునా?

"నేను 2004లో చేరాను, నాకు ఏ పింఛను?" అని ఒక సోదరుడు అడిగినాడనుకొందాము. 2004 జనవరి 1 నుండి చేరినవారికి కొత్త పింఛను విధానమని యంత్రము చెప్పవచ్చును. అది అబద్ధము కాదు, సంపూర్ణమూ కాదు. అనుభవము గల సహోద్యోగి మొదట ఎదురు ప్రశ్న వేస్తాడు: "నీ ఉద్యోగపు ప్రకటన ఎప్పుడు వెలువడినది?" ఏలయనగా 2003 డిసెంబరు 22కు ముందు ప్రకటించిన ఖాళీలలో నియమితులైనవారు పాత పింఛనును కోరుకొనుటకు 2023 మార్చి 3 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తరువు అవకాశమిచ్చినది. గడువు ఆ యేడు ఆగస్టు 31. ఆ గడువులోగా ఆ ఒక్క ప్రశ్న అడిగేవారు లేనిచో పాత పింఛను అవకాశమే చేజారియుండెడిది.

అట్లే యానాం, పుదుచ్చేరి ఒకే పాలనలో ఉన్నను, తపాలా శాఖలో యానాం ఆంధ్రప్రదేశ్ సర్కిలుకు, పుదుచ్చేరి తమిళనాడు సర్కిలుకు చెందుతాయి. అక్కడినుండి ఇక్కడికి బదిలీ కోరుట సర్కిలు మారుటయే. ఇది ఇక్కడ పనిచేసే ప్రతి పోస్టుమ్యానుకు తెలుసు.

ఇక పూచీ సంగతి. కెనడాలో ఒక ప్రయాణికునికి ఎయిర్ కెనడా వారి చాట్‌బాట్ ఛార్జీ రాయితీ విషయములో తప్పు చెప్పినది. ఆ యంత్రము చేసినదానికి అదే బాధ్యురాలని కంపెనీ వాదించినది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునలు ఆ వాదమును త్రోసిపుచ్చి పరిహారమిప్పించినది. అది కంపెనీ స్వంత యంత్రము గనుక పరిహారము దక్కినది. మన పింఛను విషయములో ఎవరిదో యంత్రము తప్పు చెబితే మన శాఖ బాధ్యత వహించునా? సంఘ కార్యకర్త తప్పు చెబితే మరునాడు అదే ప్లాట్‌ఫారముపై మీకు ముఖము చూపవలసినవాడు.

అయినను మన వాట్సాప్ బృందములు నిర్దుష్టములని మేము చెప్పము. పదవీ విరమణ వయస్సు పెరిగినదనే అబద్ధపు వార్తను పదిచోట్లకు పంపినవారు మనలోనూ ఉన్నారు. అయితే నలుగురి యెదుట చెప్పిన తప్పును ఐదవవాడు దిద్దగలడు. ఒంటరిగా యంత్రమునడిగి పొందిన తప్పును దిద్దువారెవరు?

కావున మా విజ్ఞప్తి ఇది. ఎవరు చెప్పినను ఉత్తరువు సంఖ్య, తేదీ అడగండి. ఆ ఉత్తరువును స్వయముగా చదవండి. శాఖా కార్యదర్శికి చూపండి. ఆప్షను పత్రముపై సంతకము చేయుటకు ముందు కార్యాలయమునుండి వ్రాతపూర్వకమైన జవాబు తీసుకొనండి. యంత్రమును పనిముట్టుగా వాడుకొందాము. సలహాకు మాత్రము ఒకరికొకరము నిలబడుదాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!