శాంతిసేన పద్దు: చెల్లించినవారు, వెళ్లినవారు

(కాంగోలో ఐక్యరాజ్యసమితి పతాకం కింద అసువులు బాసిన సైనికుల స్మారకోపన్యాసం)

ఐక్యరాజ్యసమితి అధికారపత్రాన్ని ఆద్యంతం గాలించినా శాంతిపరిరక్షణ అన్న మాట కనిపించదు. సభ్యదేశాలు ప్రత్యేక ఒప్పందాల ద్వారా భద్రతా మండలికి సైన్యాన్ని సమకూర్చాలని 43వ అధికరణం నిర్దేశించింది గాని, అగ్రరాజ్యాల మధ్య పొత్తు కుదరక అటువంటి ఒప్పందం ఒక్కటి కూడా జరగలేదు. అందువల్ల 1956 నవంబరులో సూయజ్ కాలువ కోసం సాయుధ శాంతిసేనను తొలిసారిగా పంపవలసి వచ్చినప్పుడు సమితికి సొంత సైన్యమూ లేదు, ఆ ఖర్చుకు కేటాయించిన నిధీ లేదు. ఆనాటి తొందరలో చేసిన సర్దుబాట్లే తరువాతి కాలంలో నియమాలుగా స్థిరపడ్డాయనీ, శాంతిసేన స్వరూపాన్ని రాజకీయ తీర్మానాలకన్న జమాఖర్చుల పుస్తకమే ఎక్కువగా తీర్చిదిద్దిందనీ ఈ సభ ముందు ప్రతిపాదించడమైనది.

ఇటువంటి సేనను పంపాలన్న కెనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్ సూచనను ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్ కొద్ది రోజుల్లోనే కార్యరూపానికి తెచ్చాడు. ఈజిప్టుపై దండెత్తిన దేశాల్లో బ్రిటన్, ఫ్రాన్సులు భద్రతా మండలి శాశ్వత సభ్యులే కావడంతో, ఆ హోదా గల అయిదు దేశాల సైనికులను దళంలో చేర్చుకోరాదన్న కట్టుబాటు అప్పుడే ఏర్పడింది. కెనడా పంపదలచిన పటాలానికి ‘క్వీన్స్ ఓన్ రైఫిల్స్’ అని పేరుండడం, వారి దుస్తులు దాడి చేసిన బ్రిటిష్ వారి దుస్తులను పోలి ఉండడం ఈజిప్టు అధ్యక్షుడు నాసర్‌కు రుచించలేదు. చివరకు కెనడా నుంచి పదాతి దళానికి బదులు రవాణా, సరఫరా విభాగాలు వెళ్లాయి. మిత్రుడెవరో శత్రువెవరో దూరం నుంచే తెలియాలి గనుక నీలిరంగు టోపీలు కావాలనుకున్నారు. అవి సమయానికి దొరకకపోవడంతో అమెరికా సైన్యపు హెల్మెట్ల లోతొడుగులకు నీలిరంగు పూయించి పంచిపెట్టారు. నేడు శాంతిసేనకు పర్యాయపదమైన నీలి హెల్మెట్ ఆ విధంగా అవసరానికి పుట్టింది.

డబ్బు విషయంలో ఇంత సులువుగా దారి దొరకలేదు. సైనికుల జీతం, ఆయుధాలు పంపిన దేశమే భరించాలనీ, మిగిలిన ఖర్చు సమితిదనీ మొదట అనుకున్నారు. సమితి మామూలు బడ్జెట్‌తో సంబంధం లేకుండా కోటి డాలర్లతో ఒక ప్రత్యేక ఖాతా తెరిచి, ఆ భారాన్ని సభ్యదేశాలన్నిటికీ చందాల నిష్పత్తిలో పంచారు. దురాక్రమణ చేసినవారే ఖర్చు పెట్టుకోవాలని సోవియట్ యూనియన్ వాదించి చెల్లించడానికి నిరాకరించింది. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు గాని, దండెత్తినవాడు పరిహారం చెల్లించేదాకా ఆగితే శాంతిసేన గడప దాటదు.

ఈ చిక్కు కాంగోలో సంక్షోభంగా మారింది. బెల్జియం పాలన నుంచి 1960 జూన్ 30న విముక్తమైన ఆ దేశం రెండు వారాలు తిరగకముందే తిరుగుబాట్లతో అల్లకల్లోలమైంది. జులై 14న భద్రతా మండలి తీర్మానం వెలువడిన 48 గంటలలోపే తొలి దళాలు కాంగోలో దిగాయి. మరుసటి ఏడాదికి సైనికుల సంఖ్య 20 వేలకు చేరువయింది. సమితి మామూలు వార్షిక బడ్జెట్ సుమారు 7 కోట్ల డాలర్లుండగా కాంగో ఖర్చు నెలకు దాదాపు కోటి డాలర్లు, అనగా ఇల్లు నడిపే ఖర్చుకన్న ఊరి కాపలాకే ఎక్కువ అయినట్టు. పేద దేశాలకు 80 శాతం వరకు రాయితీ ఇచ్చినా బకాయిలు పేరుకుపోయాయి. సోవియట్ యూనియన్‌తో పాటు ఫ్రాన్సు కూడా ఈ పద్దుకు పైసా విదల్చనన్నది.

మనుషుల సమస్య కూడా రాజకీయంతోనే ముడిపడింది. పదవి కోల్పోయిన కాంగో ప్రధాని పాట్రిస్ లుముంబా 1960 డిసెంబరులో నిర్బంధానికి గురైన దరిమిలా, మొరాకో, గినీ, ఇండొనేసియా, నాటి ఐక్య అరబ్ రిపబ్లిక్‌లు తమ సైనికులను వెనక్కు రప్పించుకున్నాయి. దళాలు ఇచ్చిన దేశం అలిగితే సేన కరిగిపోతుందన్న సత్యం సమితికి అప్పుడు అనుభవంలోకి వచ్చింది. ఆ లోటు పూడ్చడానికి 1961 మార్చిలో భారత్ ఒక పూర్తి బ్రిగేడ్‌ను పంపింది. డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో దారికడ్డంగా కాచుకున్న సుమారు 90 మంది జెండార్మ్‌లపై (కాంగో నుంచి విడిపోతామన్న కటంగా ప్రాంతపు సాయుధ దళంపై) 16 మంది గూర్ఖాలతో విరుచుకుపడి మరణించిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాకు మరణానంతరం పరమవీర చక్ర లభించింది.

సలారియా మరణించిన పక్షం రోజులకు, అంటే డిసెంబరు 20న, శాంతిసేన ఖర్చుల కోసం సమితి సర్వప్రతినిధి సభ 20 కోట్ల డాలర్ల విలువైన బాండ్లు అమ్మడానికి తీర్మానించింది. రెండు శాతం వడ్డీతో 25 ఏళ్లలో తీర్చవలసిన ఈ అప్పు వాయిదాలను మామూలు బడ్జెట్‌లోనే చేర్చడం గమనించదగిన ఉపాయం. ముందు తలుపు మూసినవారి చేత పెరటి దారిన చెల్లింపజేసే ప్రయత్నమది, సోవియట్లు దాన్నీ పసిగట్టారు. శాంతిసేన ఖర్చులు 17వ అధికరణం ప్రకారం ‘సంస్థ ఖర్చులు’ అవుతాయా అన్న ప్రశ్నకు, అవుతాయని 1962 జులై 20న అంతర్జాతీయ న్యాయస్థానం 9-5 మెజారిటీతో అభిప్రాయం చెప్పింది. న్యాయం తేలింది గాని డబ్బు రాలేదు. రెండేళ్ల చందాకు సమానంగా బకాయిపడిన దేశం సభలో ఓటు కోల్పోతుందని 19వ అధికరణం చెబుతుంది. దాన్ని అమలు చేయాలని అమెరికా పట్టుబట్టగా, 1964 డిసెంబరులో మొదలైన సమావేశం ఓటింగ్ ఊసెత్తకుండా ఏకాభిప్రాయాలతో నెట్టుకొచ్చింది. 1965 ఆగస్టులో అమెరికా మెత్తబడింది. అయితే సోవియట్లకు దక్కిన వెసులుబాటు రేపు తమకూ వర్తిస్తుందని చెప్పి మరీ వెనక్కు తగ్గింది. ఈ తగాదా నడుమనే మొదలైన సైప్రస్ శాంతిసేనను 1964 నుంచి 1993 దాకా ప్రధానంగా స్వచ్ఛంద విరాళాల మీదనే నడిపారు.

నిలకడైన పద్ధతి 1973 అక్టోబరు అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తరువాత గాని రాలేదు. సినాయ్‌కి పంపిన రెండవ అత్యవసర దళానికి (1956 నాటి సూయజ్ దళం మొదటిది) తొలి ఆరు నెలలకు కావలసిన 3 కోట్ల డాలర్లను నాలుగు వర్గాలుగా విభజించారు. 63.15 శాతం శాశ్వత సభ్యులకు, 34.78 శాతం ఇతర సంపన్న దేశాలకు, 2.02 శాతం వర్ధమాన దేశాలకు, 0.05 శాతం మిక్కిలి పేద దేశాలకు పడింది. వీటో అధికారం గలవారు ఎక్కువ మోయాలన్న సూత్రం దీనిలోనిది. 2000 డిసెంబరులో ఈ వర్గాలను పదికి పెంచినా ఆ సూత్రం చెక్కుచెదరలేదు. ఇంతకీ చెల్లించేవారు ఒకరు, వెళ్లేవారు మరొకరు అయ్యే ఏర్పాటు దీనితో ఖాయమైంది. 2022–24 లెక్కలో అమెరికా వాటా సుమారు 27 శాతం, చైనాది 19 శాతానికి కొంచెం తక్కువ. సైనికులను ఎక్కువగా పంపే వరుసలో మాత్రం నేపాల్, బంగ్లాదేశ్, రువాండా, భారత్ ముందుంటాయి.

దళాలు ఇచ్చిన దేశానికి సైనికుడొక్కరికి నెలకు ఇంత అని సమితి చెల్లించే మొత్తం 1973లో 500 డాలర్లు, 2022 నాటికి 1,448. ఇది సైనికుని చేతికి కాదు, అతని ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. తన దేశపు జీతభత్యాలు అతనికి విడిగా ఉంటాయి. 1990ల మధ్య నుంచి వాహనాలకు, జనరేటర్లకు వేరుగా అద్దె ఇస్తున్నారు. మరమ్మతు, విడిభాగాలు కూడా దళమే చూసుకుంటే దాన్ని వెట్ లీజు అంటారు, సామాను మాత్రమే ఇస్తే డ్రై లీజు. మూడు నెలలకొకసారి తనిఖీ బృందం శిబిరానికి వచ్చి ఇంజన్లు తిప్పి చూసి, నడిచేవాటిని లెక్కబెట్టుకుంటుంది. ఒప్పుకున్న సంఖ్యలో 90 శాతం పనిచేస్తే పూర్తి అద్దె. పది ట్రక్కులకు ఎనిమిదే కదిలితే ఎనిమిదింటికే అద్దె. మొరాయించిన ఆ రెండింటికి విడిభాగాలు కొనవలసిన ఖజానాకు, అంతకు ముందు నెలల అద్దె న్యూయార్క్ నుంచి అప్పటికింకా అందకుండానే ఉండవచ్చు.