పాత చలనచిత్రములు – మిత్రుల వాదములు

(గ్రంథాలయ రజతోత్సవ సభ కొఱకు సిద్ధపఱుపబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు రజతోత్సవ వేదికపై సినిమాను గూర్చి ప్రసంగమేమని పెద్దలు కొందఱు సందేహింపవచ్చును. పుస్తకము జ్ఞానమునకు, సినిమా కాలక్షేపమునకు అను భేదము జనులలో గట్టిగా నాటుకొనియున్నది. ఐనను గోదావరి మండలములలో ఏ యూరి కాలువగట్టునకో రచ్చబండకో సాయంసమయమున పోయి చెవియొగ్గినచో, నలుగురు మిత్రులు చేరి పాత చిత్రములను గూర్చి వాదించుకొనుట తఱచు వినవచ్చును. ఆ వాదములకు విలువ కలదా? కలదేని గ్రంథాలయమునకు వానితో పనియేమి? ఈ రెండు ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయములు.

చూచినదానినే మరల చూచుట, చూచి తగవులాడుట సినిమాతో పుట్టిన అలవాటు కాదు. పద్యనాటకముల కాలమున కథ తెలియని ప్రేక్షకుడు లేడు. రాజమహేంద్రవరమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు రచించిన 'గయోపాఖ్యానము' ఎన్ని యూళ్లలో ఎన్ని మారులు ఆడినను జనులు మరల మరల పోయిరి. ఏమి జరుగునో తెలిసికొనుటకు కాదు, ఈ కృష్ణుడు ఎట్లు పాడునో, ఈ అర్జునుడు దానికెట్లు బదులు పలుకునో చూచుటకు పోయిరి. తిరిగివచ్చుచు బండిలోనే తగవు మొదలు. ఆ తగవే తరువాత టాకీలకు సంక్రమించెను. ఈ మండలమునకు టాకీలు దూరపు చుట్టములు కావు. నిడమర్తి సూరయ్యగారు 1936లో రాజమహేంద్రవరముననే దుర్గా సినీటోను స్థాపించి 'సంపూర్ణ రామాయణము' నిర్మించిరి.

పల్లెవారికి చిత్రము చేరిన విధమును కూడ స్మరింపవలయును. కోతలు, నూర్పులు ముగిసి చేతిలో నాలుగు రూకలాడు దినములలో ఊరి వెలుపల డేరా వెలసెడిది. నేల, బెంచి, కుర్చీ అని తరగతులు. ఒక్కటే యంత్రము ఉన్న డేరాలో చుట్ట ముగియగానే దీపములు వెలిగెడివి. వేయి అడుగుల చుట్ట సెకనునకు 24 బొమ్మల చొప్పున సుమారు 11 నిమిషములు నడచును. చుట్ట మార్చు ఆ నాలుగు క్షణములే చర్చకు నాంది. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. పట్టణములలో ఆడి ఆడి గీతలు పడిన ప్రతియే డేరాకు వచ్చెడిది. కావున పల్లెలో కొత్త బొమ్మ అనబడునది అప్పటికే పాతది. పాత చిత్రమును ఆదరించుట పల్లెవాని స్వభావమగుటకు ముందు అతని గతియై యుండెను.

వాదమున రుచి ఎట్టిదో తెలియుటకు 'లవకుశ'ను మించిన ఉదాహరణము లేదు. కాకినాడవారైన చిత్తజల్లు పుల్లయ్యగారు కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షమున 1934లో మొదటి 'లవకుశ' తీసిరి. శ్రీరంజని సీత, పారుపల్లి సుబ్బారావు రాముడు. అదే పుల్లయ్యగారు అదే కథను రంగులలో తీయబూనిరి. నడుమ ధనము చాలక పని ఆగిపోయెను. తరువాత కుమారుడు సి. ఎస్. రావుగారు దానిని పూర్తిచేయగా 1963లో వెలువడెను. తెలుగున తొలి పూర్తి వర్ణచిత్రమదియే. రామారావుగారు రాముడు, అంజలీదేవి సీత. రెండింటికి నడుమ ఇరువది తొమ్మిదేండ్లు. మొదటిదానిని ఇరువదియవ యేట చూచిన వ్యక్తి రెండవదానిని చూచునాటికి ఏబదికి చేరువలో ఉండును. అతని ప్రక్కన అతని కుమారుడు కూర్చుండును. ఇక వాదమునకు కొదువయేమి?

పెద్దల వాదమిది: ఆనాటి నటులు తమ గొంతుతో తామే పాడిరి. యంత్రము ముందు నిలిచి అభినయించుచు శ్రుతి తప్పక పాడుట విద్య గాని, పెదవులు కదపుట విద్యయా? పిన్నల సమాధానమిది: ఘంటసాల సంగీతమున, లీల, సుశీల గాత్రములలో లవకుశుల పాటలు విన్న తరువాత మరియొకటి వినబుద్ధి యగునా? ఇందు ఇరువురును సగము సత్యమే పలుకుచున్నారు. నేపథ్యగానము భారతీయ చిత్రములలో ప్రవేశించినది 1935 ప్రాంతమున. 1934 నాటి నటుడు తాను పాడుట ఒక వరణము కాదు, వేఱు దారి లేకపోవుట. దానిని గొప్పగా చెప్పు పెద్దవాడు ఈ సంగతి మఱచుచున్నాడు. అదే కారణమున, ఆ పాట కొంచెము మోటుగా వినిపించినదని నవ్వు పిన్నవాడు కూడ ఆనాటి పరికరమును మఱచుచున్నాడు. అంతేకాదు. ఇరువదియవ యేట చూచిన బొమ్మను తలచుకొనునపుడు మనుష్యుడు బొమ్మను మాత్రమే తలచుకొనడు, తన ఇరువది యేండ్లను కూడ తలచుకొనును. ఆ రెంటిని వేఱుచేయుట సులభము కాదు. స్నేహితుడు ఎదుట కూర్చుండి కాదనునపుడే ఆ వేఱుపాటు సాధ్యమగును. మిత్రవాదము యొక్క మొదటి ప్రయోజనమిది.

ఐతే వాదము గాత్రములతోను రంగులతోను ఆగిపోయినచో అది ముచ్చట మాత్రమే. నిండు చూలాలిని అడవికి పంపుట రాజధర్మమా, అధర్మమా అను ప్రశ్న రెండు 'లవకుశ'లలోను కలదు. బొమ్మ నెపమున ఆ ప్రశ్న అరుగెక్కినపుడు వాదమునకు బరువు వచ్చును.

ఈ బరువును మిక్కిలిగా చూపు చిత్రము 'మూగమనసులు'. 1964 జనవరి 31న విడుదలయైన ఈ చిత్రమునకు దర్శకుడు ఆదుర్తి సుబ్బారావుగారు, రాజమహేంద్రవరమున జన్మించినవారు. రచనలో పాలుపంచుకొన్న ముళ్లపూడి వెంకటరమణగారు ధవళేశ్వరమున జన్మించినవారు. నాగేశ్వరరావు, సావిత్రి, జమున ప్రధాన నటులు. పడవ నడుపు గోపి, జమీందారు ఇంటి బిడ్డ రాధ. ఆమె వివాహితయై, వైధవ్యము పొంది పుట్టింటికి మరలివచ్చును. ఊరు వారిరువురిని గూర్చి నిందలు పలుకును. తుదకు ఇరువురును గోదావరిలో ప్రాణములు విడిచి, మరుజన్మమున దంపతులగుదురు. ఈ కథనే ఆదుర్తివారు 1967లో 'మిలన్' పేరిట హిందీలోను తీసిరి.

డెల్టాలో ఈ చిత్రమును మరల చూచు మిత్రులు మూడు తెగలగుదురు. మొదటి తెగవారికి చిత్రమనగా గోదావరియే. ఆ నీరు, ఆ పడవ, ఆ పాట, జమున నడక చాలును, తర్కము వలదందురు. రెండవ తెగవారు చరిత్ర విప్పుదురు. వితంతువు వివాహమాడుటకు 1856 నుండియే చట్టము అనుమతి నొసగెను. ఇదే రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. అది జరిగిన ఎనుబదిరెండేండ్లకు అదే నదిపై తీసిన చిత్రమున రాధకు ఈ జన్మమున తావు లేదా? చచ్చి పుట్టవలసినదేనా? పంతులుగారి ఊరివారు తీయదగిన కథయా ఇది? అని వారి ఆక్షేపణ. మూడవ తెగవారు శాంతముగా ఇట్లందురు: రాధాగోపులకు 1964లో తెరపైననే పెండ్లి చేసినచో నేలపై కూర్చున్నవారు లేచిపోయెడివారు. మరుజన్మ అను తెర కప్పి, వారిరువురును ఒకరికొకరు తగినవారే అని అదే జనుల చేత కన్నీటితో ఒప్పించుట దర్శకుని నేర్పు. ఉపన్యాసము చేయలేని పనిని పాట చేసినది.

ఈ మూడింటిలో ఏది గెలిచినది అను ప్రశ్నకు సమాధానము తెరపై దొరకదు. తీర్పు చెప్పవలసినది వాదించువారి ఊరు. ఈనాడు ఈ ఊరిలో భర్త పోయిన ఇరువదియైదేండ్ల ఆడుబిడ్డ మరల వివాహమాడ గోరినచో, అందును తక్కువవాడని లోకమనుకొను వానిని గోరినచో, ఆమెకు పడవ దొరకునా, సుడిగుండము దొరకునా? దర్శకుని పిరికివాడని నిందించిన నోరే తన ఇంట ఆ మాట రాగానే మూతపడుట కలదు. చర్చ అంతవరకు పోయినపుడు మాటలు తగ్గును, ఆలోచన మొదలగును.

ఇట్టి చిత్రములు మరికొన్ని కలవు. కాకినాడవారైన కాళ్లకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము' నాటకమును పుల్లయ్యగారు 1939లో చిత్రముగా తీసిరి. భానుమతిగారికి అదే తొలి చిత్రము. కట్నము కొఱకు తండ్రి ఆస్తి నమ్ముట చూడలేక కాళింది ప్రాణము తీసికొనును. చెల్లెలు కమల, వెలయిచ్చి కొన్న వస్తువు కొన్నవారి ఇంటనే ఉండవలయునని వాదించి వరుని పక్షమువారి తల వంచును. వరకట్న నిషేధ చట్టము వచ్చినది 1961లో. పాతబడవలసిన ఈ కథ ఇంకను పాతబడలేదు. గుడవల్లి రామబ్రహ్మముగారి 'మాలపిల్ల' (1938) అంటరానితనమును తెరకెక్కించెను. ఎనిమిది దశాబ్దములు దాటిన పిదప దానిని చూచి కాంచనమాల సౌందర్యమును మాత్రమే మెచ్చుకొని లేచిపోవువారు చిత్రమును చూచినట్లా? నరసాపురమున పుట్టిన బాపుగారి తొలి చిత్రము 'సాక్షి' (1967) గోదావరి ఒడ్డున పులిదిండి గ్రామమున తీయబడినది. హత్యను కన్నులార చూచి న్యాయస్థానమున నిజము చెప్పిన అమాయకునికి ఆపద వచ్చినపుడు ఊరు తలుపులు మూసికొనును. ఆ బొమ్మ చూచిన మిత్రులు ఒకరినొకరు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: నీవు తలుపు తీయుదువా?

ఇక రెండవ ప్రశ్న. దీనితో గ్రంథాలయమునకు పనియేమి? తూర్పుగోదావరి కొంకుదురున జన్మించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు, వారి సహచరులు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పినపుడు గ్రంథాలయమును పుస్తకముల బీరువాగా మాత్రమే భావింపలేదు. నలుగురు చేరి చదివి, విని, తర్కించుకొను తావుగా భావించిరి. ఇతర దేశములలోను, ఇతర రాష్ట్రములలోను చలనచిత్రములకు ఇట్టి తావులు ఏర్పడినవి. 1947లో కలకత్తాలో సత్యజిత్ రాయి, చిదానందదాసుగుప్త మొదలగు మిత్రులు ఫిలిం సొసైటీ స్థాపించుకొని చిత్రములు చూచి చర్చించుకొనిరి. 1955లో 'పథేర్ పాంచాలి' తీసిన చేతికి ఆ చర్చలు తోడయ్యెను.

నేడు ఆ తావు కరవైనది. డేరాలు పోయినవి. పెక్కు సినిమా హాళ్లు కల్యాణమండపములైనవి. చేతిలోని ఫోనులో పాత బొమ్మ ఎప్పుడైనను దొరకును గాని ఎవరికి వారు ఒంటరిగా చూచుచున్నారు. కాదనువాడు ప్రక్కన లేనిచో చూచినవాని అభిప్రాయమే వానికి వేదమగును.

కావున గ్రంథాలయమున నెలకొక సాయంకాలము ఒక పాత చిత్రము ప్రదర్శించి చర్చ జరుపవచ్చును. చిత్రము వెలువడిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు గడచినచో దానిపై హక్కు తీరిపోవునని మన చట్టము చెప్పుచున్నది. అట్టివానిని ఎంచుకొనుట మేలు. చర్చకు కొన్ని కట్టుబాట్లు అవసరము. బొమ్మ మరల చూడక జ్ఞాపకముతో మాత్రమే వాదింపరాదు. ఎదుటివాని మాటను అతడు ఔననునట్లు తిరిగి చెప్పిన పిదపనే ఖండింపవలయును. ఎవరు పాడిరి, ఏ యేడు వచ్చినది అను తగవులను గొంతుతో కాక పుస్తకముతో తేల్చుకొనవలయును. నటుని పేరు చాటున కులము దూరినచో, చర్చ నాటికి ముగిసినట్లే యెంచి దీపములు వెలిగింపవలయును. స్త్రీలు రాగల వేళను, వారు మాటలాడగల విధమును ముందుగా ఏర్పఱుపవలయును. సీతను గూర్చియు, రాధను గూర్చియు, కాళిందిని గూర్చియు మగవారు మాత్రమే తీర్పు చెప్పుట ఇక చాలును.

మరియొక పని కలదు. భారతదేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' (1931) ప్రతి నేడు ఒక్కటియు లేదు. జాతీయ ఫిలిం భాండాగారము పూనాలో ఏర్పడినది 1964లో. అప్పటికే ఎన్నియో చిత్రములు నశించినవి. ఆనాటి ఫిలిం సులభముగా అగ్గి యంటుకొనునది. పాత చుట్టలను కరగించి అందలి వెండి తీసి యమ్ముకొన్నవారును కలరు. చిత్రము పోయినచోట మిగులునవి హాలు గుమ్మమున కొన్న పాటల పుస్తకములు, గోడ కాగితములు, 'రూపవాణి' వంటి పత్రికల సంచికలు. అవి ఈ ఊరి అటకలపై చెదలకు ఆహారమగుచుండవచ్చును. వానిని తెచ్చి గ్రంథాలయమున కొసగుట ఏ దాతయైనను చేయదగిన పని. చూచినవారి నోటి మాటలను యువకులు వ్రాసి యుంచుట అంతకంటె త్వరపడి చేయవలసిన పని. కాగితము కంటె మనుష్యుడు ముందు పోవును.

వెండి కొఱకు చిత్రములను కరగించిన దేశమున, వెండి పండుగ జరుపుకొను గ్రంథాలయము మిగిలిన చిత్రములను, వానిని గూర్చి పలుకు మనుష్యులను కాపాడుట సముచితము. పుస్తకమైనను బొమ్మయైనను ఒకరు చూచినపుడు వినోదము, నలుగురు చూచి నిజాయితీగా వాదించుకొన్నపుడు విద్య. ఆ విద్యకు ఈ గ్రంథాలయము చిరకాలము నిలయమగుగాక. స్వస్తి.