పరులు విడిచిన తావు
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



వార్షిక మహాసభలలో విద్యావ్యాప్తిని గూర్చియు, వసతిగృహముల నిర్వహణమును గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు పెద్దలు ప్రసంగించుట మనకు పరిపాటి. ఈ సంవత్సరము కార్యవర్గమువారు మాకు నిర్ణయించిన విషయము చూపునకు మిక్కిలి చిన్నది. విద్యానగరములో నొక వసతిగృహపు వసారాయందు నిలిచియున్న పెట్టెను గూర్చి చెప్పుడని వారు కోరిరి. నాణెము వేసినను, చేతిఫోనుతో సొమ్ము చెల్లించినను, కోరిన వస్తువును జారవిడుచు వెండింగు మెషీనే యా పెట్టె. మరియొక వ్యాపారి యంత్రము పెట్టి, పట్టించుకొనక విడిచిన తావును మేము స్వీకరించి నడుపుచున్నాము. మన సంఘపు ఋణనిధినుండి ఇట్టి వ్యాపారమునకు సొమ్ము కోరుచు యువకులు కొందరు దరఖాస్తులు పెట్టుకొనియున్నారు. ఆ సొమ్ము దాతల సొమ్ము. అది మరల వచ్చిననే మరియొక బిడ్డ చదువునకు ఉపయోగపడును. కావున ఇవ్వవచ్చునా, ఇచ్చినచో నే నిబంధనలతో నివ్వవలెను అను ప్రశ్న చిన్నది కాదు.

ఇట్టి యంత్రము లోకమునకు క్రొత్త కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమందలి హీరో అను యంత్రశాస్త్రజ్ఞుడు, నాణెము పడగనే దేవాలయమున తీర్థజలమును కొలచి విడుచు సాధనమును వర్ణించెను. 1880 దశకమున లండనులో పోస్టుకార్డుల నమ్ము యంత్రములు వెలసినవి. జపాను దేశమున నేడు పానీయములవి, టిక్కెట్లవి మొదలగు సర్వవిధముల యంత్రములను కలిపిన 40 లక్షల దరిదాపున నున్నవి. మనలో పెద్దలకు రైలుస్టేషనులందలి తూకపు యంత్రము జ్ఞాపకముండును. దానిపై నెక్కి నాణెము వేయగా రంగుదీపములు వెలిగి, చక్రము తిరిగి, బరువు నచ్చువేసిన చిన్న అట్టముక్క బయటికి వచ్చెడిది. అది పాడైనచో నాణెము మ్రింగి మిన్నకుండెడిది. మ్రింగిన నాణెమును అడుగుటకు మనుష్యుడు కానరాడు. ఈ వ్యాపారమునందలి సుళువంతయు, కష్టమంతయు ఆ యొక్క మాటలోనే యున్నది. 2016లో యూపీఐ చెల్లింపు విధానము వచ్చిన పిమ్మట చిల్లర నాణెముల చిక్కు చాలవరకు తీరినది గాని, అడుగుటకు మనుష్యుడు లేడను చిక్కు తీరలేదు.

ఇక స్థలమును గూర్చి. విద్యానగరము పేరునకు తగినట్లే విద్యార్థుల నెలవు. ఒకవైపున 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము, మరియొకవైపున నల్లకుంట, నడుమ ఎం.ఎం.టి.ఎస్. రైళ్లాగు స్టేషను, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు వహించిన ఆంధ్ర మహిళా సభవారి ఆసుపత్రి. కొంత దూరము పోయినచో అశోక్‌నగరమందలి పోటీపరీక్షల శిక్షణాలయములు, చిక్కడపల్లి గ్రంథాలయమున తెల్లవారినది మొదలు కూర్చుండి చదువుకొను నిరుద్యోగ యువకులు కనబడుదురు. 2020 ఫిబ్రవరిలో మెట్రో రైలు చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా నడువసాగినప్పటినుండి ఈ ప్రాంతమున రాకపోకలు మరింత పెరిగినవి. ఇంతమంది జనమున్నచోట యంత్రము పెట్టిన చాలునని తోచును. కాని ఇదే ప్రాంతమున అడుగడుగున టిఫిను బండ్లు, చాయదుకాణములు, కిరాణా కొట్లును కలవు. వేడివేడి యిడ్డెన ఎదుట నుండగా యంత్రములోని బిస్కత్తు నెవరు కొందురు? కావున వీధిలోని జనసంఖ్య మనకు ప్రమాణము కాదు. దుకాణములు మూసిన వేళ, గేటు దాటి పోరాని వేళ, లోపల మేలుకొనియున్నవారి సంఖ్యయే ప్రమాణము.

మేము చెప్పుచున్న వసతిగృహమున నదివరకే యొక వ్యాపారి యంత్రమును నిలిపియుండెను. మేము చూచునప్పటికి దాని దీపము ఆరియుండెను. వరుసలలో సగము ఖాళీ. మిగిలిన పొట్లములలో కొన్ని గడువు దాటినవి. సొమ్ము కోతపడి సరుకు రానివారు పెట్టెపై నున్న నంబరునకు ఫోను చేయగా పలుకువారు లేరు. తుదకు విద్యార్థులే ‘‘దీనిలో డబ్బు వేయవద్దు’’ అని కాగితముపై వ్రాసి అంటించిరి. ఇరువది రూపాయలు మనకు స్వల్పము. నెలకు తండ్రి పంపిన సొమ్మును లెక్కపెట్టుకొని గడుపు పల్లెటూరి విద్యార్థికి అది యొక పూట ఫలహారము. నిర్వాహకులు విసిగి మమ్ము పిలిపించిరి.

ఇట్టి పిలుపు వచ్చినప్పుడు మొట్టమొదట విచారింపవలసిన దేమన, చెడినది తావా, పోషణమా? ఈ రెండును పైకి ఒక్కతీరుగనే కనబడును. ఖాళీ యంత్రములోని అమ్మకపు లెక్కలు దీనికి సమాధాన మీయవు. అందుచే మేము యంత్రమును విడిచి గేటును చూచితిమి. కొన్ని వారములపాటు రాత్రి తొమ్మిది గంటలు దాటిన పిమ్మట ఎందరు విద్యార్థులు బయటికి పోయి ఏమేమి కొని తెచ్చుచున్నారో వ్రాసికొంటిమి. నీళ్లసీసాలు, మజ్జిగ పొట్లములు, బిస్కత్తులు, పల్లీపట్టీలు, నడుమనడుమ కలములు. కోరిక యున్నది, తీర్చువాడు లేడు. తావు మంచిదే యని తేలినది. దసరా, సంక్రాంతి సెలవులలో గృహము ఖాళీయగునని, పరీక్షల మాసములలో రెట్టింపు మేలుకొందురని కూడ నిర్వాహకులవలన తెలిసికొంటిమి.

తరువాత లెక్క. ఇచ్చట యువకులు శ్రద్ధగా వినవలెను. ఈ అంకెలు పద్ధతి తెలియుటకై కల్పించినవి. దినమునకు 60 వస్తువులు, ఒక్కొక్కటి 20 రూపాయల చొప్పున అమ్మినచో 1,200 రూపాయలు. నెలకు 26 దినములకు 31,200. అందులో నూటికి 20 వంతున లాభమనుకొన్నచో 6,240. స్థలము వారికి అమ్మకముపై నూటికి 5 వంతున 1,560 పోవును. విద్యుత్తు, రాకపోకలు, చిన్న మరమ్మతులకు 2,000. మిగులునది 2,680 రూపాయలు. యంత్రము వెల లక్షా యేబదివేలైనచో అసలు తిరిగి వచ్చుటకు 56 మాసములు పట్టును. అదే యంత్రమును వరుసలు ఖాళీ కానీయక నింపి 90 వస్తువు లమ్మినచో, ఖర్చు 2,500 అయినను 4,520 మిగిలి, 34 మాసములకే అసలు తీరును. యంత్రము మారలేదు, తావు మారలేదు. మారినది నింపెడు చేయి. సొంతమున యంత్రమే పని చేయును, మనము నిద్రించవచ్చునని చెప్పువారి మాట నమ్మరాదు.

మూడవది మిక్కిలి సున్నితమైన సంగతి. పాత యజమానుని ఏమి చేయవలెను? కొందరు హితులు, ‘‘తీగె ఊడబెరికి పెట్టెను వాకిట పారవేయించుడు, అడిగినప్పుడు చూచుకొందము’’ అనిరి. మేము సమ్మతింపలేదు. పరుని స్థలమున ఒక పని చేసికొనుటకు యజమాని ఇచ్చెడి యనుమతి యెట్టిదో 1882 నాటి ఈజిమెంట్ల శాసనమున 52వ విభాగము నిర్వచించినది. అట్టి యనుమతి రద్దయినప్పుడు, ఆ తావును విడుచుటకును, అచ్చట నిలిపిన తన వస్తువులను తీసికొనిపోవుటకును తగిన గడువు పొందు హక్కు వానికి కలదని 63వ విభాగము చెప్పుచున్నది. శాసనము మాట యటుండనిండు. తోటి వ్యాపారి సొత్తును వీధిపాలు చేసి సంపాదించిన తావున మనము మాత్రము ఎంతకాలము నిలుతుము? నిర్వాహకులచేతనే వానికి లిఖితపూర్వకముగా తాఖీదు పంపించి, గడువిప్పించితిమి. గడువు తీరువరకు మేము ఆ పెట్టెను తాకలేదు, దాని సరుకును గూర్చి విద్యార్థులతో చెడుగా పలుకలేదు.

అతడు వచ్చెను. చూడగా మన పిల్లల యీడువాడే. అప్పు చేసి నగరపు నలుదిక్కుల యంత్రములు పెట్టి, ఒకదాని కడకు పోవునప్పటికి మరియొకటి ఖాళీయై, ఆ ఖాళీచే రాబడి తగ్గి, రాబడి లేమిచే సరుకు కొనలేక చిక్కుకొనినాడు. నిర్లక్ష్యము దుర్బుద్ధిచేతనే కలుగదు. శక్తికి మించిన విస్తారముచేత తరచుగా కలుగును. పెట్టెను తరలించు బండి కూలిలో సగము మేము భరించితిమి. అతడు వస్తువులన్నియు ముట్టినవని సంతకము చేసి, పోవుచు, ఇచ్చట ఏ వస్తువు ఏ ఋతువున కదలునో తన అనుభవమును దాచక చెప్పెను. కయ్యమాడి యుండినచో ఆ సమాచారము మాకు దక్కెడిది కాదు.

మా యంత్రము నిలిచిన పిమ్మట కూడ మొదటి దినములలో దాని దరి కెవరును రాలేదు. విద్యార్థులకు యజమానులు వేరని తోచదు. పెట్టె పెట్టెయే, పోయిన సొమ్ము పోయినదే. అప్పుడొక చర్చ వచ్చినది. పాత యంత్రములో సొమ్ము పోగొట్టుకొన్నవారికి మనమేమైన ఇవ్వవలెనా? న్యాయముచే ఆ ఋణము మాది కాదు. ఇచ్చినచో పోగొట్టుకొననివారును వత్తురని కొందరనిరి. అది నిజమే. అయినను ఒక పుస్తకమును వ్రేలాడదీసి, పేరు వ్రాసిన ప్రతివానికి ఒక పొట్లము ఉచితముగా నిచ్చితిమి. అబద్ధమాడినవారు కొందరుండియే యుందురు. ఆ నష్టము ఒక ప్రకటనపలక వెలకన్న తక్కువ. ఆ పుస్తకమే నేటికిని అచ్చట నున్నది. సొమ్ము పోయినదని వ్రాసినవారికి నాటి సాయంకాలమునకే తిరిగి చెల్లించుచున్నాము. పెట్టెపై నంబరు మాత్రమే కాదు, పలుకువాని పేరు కూడ వ్రాసితిమి. కొనుగోళ్లు క్రమముగా మొదలైనవి. ‘‘డబ్బు వేయవద్దు’’ అను కాగితము వంటిది మరల ఎవరును అంటింపలేదు.

దినచర్యను గూర్చి క్లుప్తముగా చెప్పెదము. దినము విడిచి దినము నింపవలెను. ముందుగా గడువు తీరునది ముందు వరుసన ఉండవలెను. చల్లదనమునిచ్చు యంత్రము వెనుక గాలి యాడుటకు గోడకు ఎడమ విడువవలెను, లేనిచో మన వేసవిలో కంప్రెసరు నిలువదు. విద్యుత్తు హెచ్చుతగ్గులకు స్టెబిలైజరు తప్పదు. ఏప్రిల్, మే మాసములలో చాక్లెట్లు తగ్గించి మజ్జిగను, నీళ్లను హెచ్చింపవలెను. స్త్రీల వసతిగృహములలో ఋతుసమయపు ప్యాడ్లకు ఒక వరుస విధిగా కేటాయింపవలెను. 2006 నాటి ఆహారభద్రతా శాసనము క్రింద అనుమతి పొంది, ఆ పత్రమును పెట్టెపై కనబడునట్లుంచవలెను.

ఇది చిన్నవారికి మాత్రమే గాక పెద్ద సంస్థలకును వర్తించు పాఠము. ఐ.ఆర్.సి.టి.సి. వారు 2015 తరువాత రైలుస్టేషనులలో లీటరు 5 రూపాయలకు శుద్ధజలమిచ్చు యంత్రములను నెలకొల్పిరి. పేద ప్రయాణికులకు అంతకన్న ఉపకార మేమున్నది? అయినను అనేకస్థలములలో అవి కొంతకాలమునకు నిలిచిపోయినవి. ఉద్దేశము గొప్పదైనంత మాత్రమున యంత్రము తిరుగదు. దినదినము దానిని చూచు మనుష్యుడు కావలెను.

మహాశయులారా! ఋణనిధి విషయమున మా విన్నపము లివి. సొంత నివాసమునుండి ప్రతిదినము పోగల దూరమున నున్న తావునకే అప్పీయవలెను. మొదటి యంత్రము ఒక సంవత్సరము చక్కగా నడిచినట్లు లెక్క చూపిన గాని రెండవదానికి ఈయరాదు. పాత యజమాని సంతకముతో తావు ఖాళీయైనట్లు పత్రము తెచ్చిన పిమ్మటనే సొమ్ము చేతికీయవలెను. మరియొక మాట. మనవారు నడుపు సంస్థలలో ‘‘మన కులమువాడను’’ అని తావు నడుగరాదు. పోషణము చూపియే అడుగవలెను. అట్లు సంపాదించిన తావు నిలుచును. చుట్టరికముచే దొరికిన తావు, చూచువాడు లేకపోయినచో, మనకు ముందు అచ్చట నున్న పెట్టె పాటే పడును. అప్పుడు చెడుపేరు ఒక్కనిది కాదు, ఈ సంఘమందరిది.

ఋణమునకై దరఖాస్తు పెట్టుకొన్న యువకులు ఈ సభలోనే యున్నారు. వారిని నిరాశపరుపవద్దనియు, నిబంధన లేక విడువవద్దనియు దాతలను ప్రార్థించుచున్నాము.