గతించినవారి స్మరణ – క్రైస్తవ సంప్రదాయము



మహాపండితుడైన అగస్టీను తల్లి మోనికమ్మ ఉత్తర ఆఫ్రికా వాసిని. స్వస్థలమున భర్త సమాధి ప్రక్కనే తనకును చోటు సిద్ధపఱచుకొనియుండెను. కాని క్రీ. శ. 387లో స్వదేశమునకు మరలిపోవుచు, రోము నగరపు రేవైన ఓస్తియాలో జ్వరపడెను. పరదేశమున మరణించుట కంటె స్వదేశమున మరణించుట మేలుకదా యని ఒక కుమారుడు విచారింపగా, ఆమె సమ్మతింపలేదు. ఈ దేహమును ఎక్కడనైనను పూడ్చవచ్చుననియు, తన బిడ్డలెక్కడ నున్నను ప్రభుని బలిపీఠము చెంత తన్ను తలచుకొనిన చాలుననియు చెప్పి, ఏబదియాఱవ యేట కన్నుమూసెను.

సమాధి కంటె స్మరణయే ముఖ్యమను ఈ భావము క్రైస్తవులలో ప్రాచీనమైనది. పూర్వపు దేవాలయములలో రెండు రేకుల పలకలపై మృతుల పేళ్లు వ్రాసి ఆరాధనలో చదివెడివారు. అయితే పేరు వ్రాయించు దిక్కులేని దీనుల మాట యేమి?

ఫ్రాన్సు దేశమందలి క్లూనీ మఠమునకు 994 మొదలు 1049 వఱకు అధిపతిగా నుండిన ఓదిలో ఇందుకొక మార్గము చూపెను. నవంబరు 1న జరుగు సకల పునీతుల పండుగకు మఱునాడు, విశ్వాసులైన మృతులందఱి కొఱకును ప్రార్థింపవలెనని తన మఠములకు కట్టడ చేసెను. ఆ ఆచారము క్రమముగా పశ్చిమ క్రైస్తవ లోకమంతట వ్యాపించెను. మొదటి ప్రపంచ యుద్ధము సాగుచుండగా 1915లో పదునైదవ బెనెడిక్టు పోపు, ఆ దినమున ప్రతి గురువును మూడు పూజలు చేయుటకు అనుజ్ఞ యొసగెను. అందొకటి మృతులందఱి కొఱకు. తిథి తెలియని పితరులను సైతము మహాలయ అమావాస్యనాడు తలచుకొను మన దేశీయులకు ఇందలి కరుణ సులభముగా బోధపడును.

పదునాఱవ శతాబ్దిలో ప్రొటెస్టంటు సంస్కర్తలు మృతుల కొఱకు ప్రార్థించుటను నిరాకరించిరి. ఆ భేదము నేటికిని కలదు. అయినను తెలుగునాట నవంబరు 2న ఉభయ శాఖలలోను పలువురు సమాధులను శుభ్రపఱచి, సున్నము వేసి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు. ఒకరు ఆత్మశాంతిని వేడుదురు. మఱియొకరు పునరుత్థాన నిరీక్షణను తలచుకొని దేవునికి కృతజ్ఞత చెల్లింతురు.

మోనికమ్మ సమాధిఫలకము కాలగతిని పగిలి మట్టిలో మఱుగుపడెను. 1945లో ఓస్తియాలో ఆటకొఱకు నేల త్రవ్వుచున్న బాలురకు దాని తునుక దొరకెను. రాయి కనబడని ఆ శతాబ్దములన్నిటను ఆమె మాటను లోకమునకు వినిపించినది, కుమారుడు వ్రాసిన ‘కన్ఫెషన్స్’ అను గ్రంథమే.

ఈ గ్రంథాలయమునకు ఒక పుస్తకమో, ఒక బల్లయో, ఒకనాటి కాయకష్టమో ఇచ్చి గతించినవారిలో దాతల పట్టిక కెక్కనివారును ఉందురు. రజతోత్సవ వేళ పేరున్నవారితో పాటు పేరు తెలియనివారిని గూడ స్మరించుట ధర్మము.