వియన్నాలో విన్న సాక్ష్యం
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వియన్నా వెళ్లినవాళ్లు రాజభవనాలు, సంగీతశాలలు చూసి వస్తారు. నేను మాత్రం హెల్డెన్‌ప్లాట్జ్ మైదానంలో చాలాసేపు నిలబడిపోయాను. 1938 మార్చిలో హిట్లర్‌కు జనం జేజేలు పలికింది అక్కడే. యుద్ధం వద్దని జీవితమంతా పోరాడి, 1905లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న బెర్తా ఫాన్ సుట్నర్ కన్నుమూసింది కూడా ఈ నగరంలోనే. అది 1914 జూన్. మరో వారానికి సరాయెవోలో తుపాకీ పేలింది. నెల తిరిగేసరికి ప్రపంచ యుద్ధం!

1993 జూన్‌లో ప్రపంచ మానవహక్కుల మహాసభ కూడా వియన్నాలోనే జరిగింది. అప్పుడు, అక్కడికి ఎంతో దూరం లేని బోస్నియాలో అత్యాచారం యుద్ధంలో ఆయుధమైంది. వివిధ దేశాల స్త్రీలు ట్రిబ్యునల్ పెట్టి, తాము పడ్డ హింసను నోరు విప్పి చెప్పారు. స్త్రీల హక్కులు మానవహక్కుల్లో విడదీయరాని భాగమని ప్రభుత్వాలు రాయక తప్పలేదు.

ఆ ప్రకటనతో యుద్ధం ఆగలేదు. కానీ 2001లో ఫోచా కేసులో, హేగ్‌లోని అంతర్జాతీయ యుద్ధనేరాల ట్రిబ్యునల్ అత్యాచారాన్ని మానవాళిపై నేరంగా తేల్చి ముగ్గురికి శిక్ష వేసింది. ఆ తీర్పును నిలబెట్టింది బాధిత స్త్రీల సాక్ష్యమే.

2022లో ఉక్రెయిన్‌లో, 2023లో సూడాన్‌లో యుద్ధాలు చెలరేగాక అవే ఘోరాలు మళ్లీ విన్నాం. అందుకే చెబుతున్నాను: మన దగ్గరికొచ్చిన స్త్రీ చెప్పింది, ఆమె ఒప్పుకుంటే, ఆమె మాటల్లోనే, తేదీతో సహా రాసి భద్రపరచండి. న్యాయస్థానం తలుపు ఎనిమిదేళ్లకు తెరుచుకోవచ్చు. ఆనాటికి ఆ కాగితం మన దగ్గర ఉండాలి.