చెమటోడ్చే సెలవులు

సెలవుల్లో కొండకెళ్లేది చల్లగాలికే అనుకుంటాం. ఫ్రాన్స్‌లోని ఆల్ప్ డ్యూయెజ్‌కు సైకిలుతో వచ్చేవాళ్ల లెక్క వేరు, డబ్బు కట్టి మరీ చెమటోడుస్తారు! దాదాపు 14 కిలోమీటర్ల ఎక్కుడు, 21 మలుపులు. వంద మీటర్లు సాగితే సగటున ఎనిమిది మీటర్లు పైకెక్కాలి. మొదటి రెండు కిలోమీటర్లే అసలు గండం, అక్కడ ఎక్కుడు మరీ నిటారు. కొత్తవాళ్లు ఉత్సాహంగా బలమంతా అక్కడే ఖర్చుచేసేస్తారు. అనుభవమున్నవాళ్లు, తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పవర్ మీటర్ చూసుకుంటూ తేలిక గేరులో నిదానంగా తొక్కుతారు. ఎక్కుడులో వాట్లు ఎన్నన్నదొక్కటే కాదు, ఒంటిబరువులో కిలోకు ఎన్నన్నది ముఖ్యం. 1952లో టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెం తొలిసారి ఇక్కడికొచ్చినప్పుడు గెలిచింది ఇటలీకి చెందిన ఫౌస్టో కోప్పి. మలుపుల దగ్గర విజేతల పేర్ల పలకలుంటాయి, ఆయాసం తీర్చుకోవడానికి మంచి సాకు! దిగేటప్పుడు మాత్రం బ్రేకు మలుపుకు ముందే వేయాలి, మలుపులో కాదు.