ములికి బరువు – ఒక తాత తెలుసుకున్న లెక్క

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మిత్రులు చక్కగా మాట్లాడారు. నన్ను మాత్రం "మీ మనవరాలి విలువిద్య సంగతి చెప్పండి" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. తూనికలు, కొలతల శాఖలో ముప్పయ్యేళ్ళు పనిచేసినవాణ్ణి. విల్లు పట్టిన చేయి కాదు నాది, త్రాసు పట్టిన చేయి. కాబట్టి బాణంలో నాకు తెలిసిన భాగం, అంటే బరువు గురించే చెబుతాను.

విలువిద్య మనకు కొత్త కాదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద కిరాతార్జునుల కథ మీరంతా చూసే ఉంటారు. ఒకే పంది మీద ఇద్దరూ బాణం వేసి, నాదంటే నాదని తగువులాడుకున్న కథ. మా ఊళ్ళో బోయవారి పెద్దాయన ఒకరుండేవారు. బాణానికి ములికి బిగించాక దాన్ని వేలిమీద అడ్డంగా నిలబెట్టి చూసేవారు. అది ఎక్కడ తూగుతుందో చూసి తల ఊపేవారు, లేదా ములికి ఊడదీసేవారు. చిన్నప్పుడు అది నాకు ఆటగా కనిపించింది. అరవయ్యేళ్ళ తర్వాత గాని దాని అర్థం తెలియలేదు.

మా మనవరాలికి పద్నాలుగేళ్ళు. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆ పత్రికా కత్తిరింపు గోడకు అంటించుకుని మాది కూడా మొదలుపెట్టింది. సురేఖది కప్పీలున్న కాంపౌండ్ విల్లు. మా పిల్లది సాదా చెక్క విల్లు, చెక్క కాడల బాణాలు.

మొదటి ఏడు బాగానే సాగింది. రెండో ఏడు బాణాలన్నీ కుడిపక్కకు పోసాగాయి. నేను గట్టుమీద కూర్చుని "శ్రద్ధ లేదు, మనసు ఎక్కడో ఉంది" అని మందలించేవాణ్ణి. అంతటితో ఆగక, మన అనంతపురం గాలికి బరువు ములికి అయితే నిలబడుతుందని 125 గ్రెయిన్లవి తీసేయించి 145 గ్రెయిన్లవి కొనిపెట్టాను. బాణాలు మరింత కుడికి పోయాయి. ఒకరోజు సాయంత్రం విల్లు గోడకు ఆనించి "నాకు చేతకాదు తాతా, మానుకుంటా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ త్రాసు పరీక్షించకుండా ఏ దుకాణదారుణ్ణీ తప్పు పట్టి ఎరగను. సొంత మనవరాలి దగ్గర బాణం పరీక్షించకుండానే తీర్పు చెప్పేశాను.

మర్నాడు ములికులన్నీ మూటగట్టి తెలిసిన బంగారు పనివాని దగ్గరికి తీసుకెళ్ళాను. గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు. పాత తులం 180 గ్రెయిన్లు, బ్రిటిష్ వారి కాలపు వెండి రూపాయి ఎత్తు. ఇప్పటి పది గ్రాముల తులం కాదు, 11.66 గ్రాములది. ఆ లెక్కన 125 గ్రెయిన్ల ములికి ముప్పావు తులానికి కాస్త తక్కువ, 8.1 గ్రాములు. తూచి చూస్తే ఒకటి 7.8, ఇంకొకటి 8.5! ఒకే డబ్బాలోని సరుకు మధ్య పది గ్రెయిన్లకు పైగా తేడా. ఉద్యోగంలో ఉంటే కేసు రాసేవాణ్ణే. ముందు సమానమైనవి ఏరి పక్కన పెట్టాము.

తర్వాత అసలు విషయం చదివి, అడిగి తెలుసుకున్నాను. నారి వదలగానే బాణం తిన్నగా పోదు. ఎదురుగా విల్లు అడ్డం ఉంది కదా! రద్దీ బస్సులో మనం నడుం వంచి పక్కకు జరిగి దిగినట్లు, కాడ వంగి, వింటిని దాటుకుని, మళ్ళీ సాగి ముందుకు పోతుంది. ఆ వంపు విల్లు బలానికి తగినట్లుండాలి. ములికి బరువు పెరిగితే కాడ ఎక్కువ వంగుతుంది, మెత్తనిదానిలా ప్రవర్తిస్తుంది. బరువు తగ్గితే బిరుసుగా ప్రవర్తిస్తుంది. కుడిచేత్తో నారి లాగేవారికి కాడ మెత్తనైతే బాణం కుడికి, బిరుసైతే ఎడమకు పోతుంది. ఎడమచేతివాటం వారికి ఇది తారుమారు.

మరి నిరుడు సరిపోయిన బాణం ఈ ఏడు ఎందుకు మెత్తనైంది? పిల్ల పెరిగింది! చేతులు సాగాయి. నారిని అంగుళంన్నర ఎక్కువ లాగుతోంది. అంగుళం ఎక్కువ లాగితే విల్లు రమారమి రెండు పౌన్ల బలం ఎక్కువ చూపిస్తుంది. ఆ బలానికి పాత కాడ చాలలేదు. తప్పు పిల్లది కాదు, ఎదుగుదలది. నేను బరువు పెంచి దాన్ని ఇంకా చెడగొట్టాను.

మీ ఇళ్ళలోనూ విల్లు పట్టిన పిల్లలుంటే ఈ పరీక్ష గుర్తుంచుకోండి. గాలి లేవకముందు, తెల్లవారుజామున చేయాలి. శిక్షకుడు దగ్గరుండాలి, గురి వెనక మనిషి ఉండకూడదు. ముందుగా కాడలు పగుళ్ళు లేకుండా చూడాలి. పది పదిహేను మీటర్ల నుంచి ఈకలున్న మూడు బాణాలు, ఈకలు లేనివి రెండు వేయించాలి. ఈకలు తప్పును కప్పిపుచ్చుతాయి, ఈకలు లేని బాణం ఉన్నది ఉన్నట్లు చెబుతుంది. ఈకలు లేనివి కుడికి పడితే ములికి బరువు తగ్గించాలి, ఎడమకు పడితే పెంచాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. విల్లూ, కాడా, ములికీ కలిపి మారిస్తే ఏది గుణమిచ్చిందో తెలియదు. ఒక్క బాణం చూసి నిర్ణయించకూడదు, నాలుగైదు విడతలు చూడాలి.

అలాగని బరువు మరీ తగ్గించరాదు. లాగే బలం పౌనుకు ఎనిమిది గ్రెయిన్లకు తక్కువ కాకుండా మొత్తం బాణం బరువు ఉంటే చెక్క విల్లుకు క్షేమం. మా పిల్ల విల్లు ఇప్పుడు 27 పౌన్లు, బాణం 380 గ్రెయిన్లు. బెంగ లేదు.

చివరగా ఆ పెద్దాయన వేలి పరీక్ష. మా బాణం 28 అంగుళాలు, సగం 14. ములికి 100 గ్రెయిన్లది బిగించాక, నారి తగిలించే గాడి నుంచి 17 అంగుళాల దగ్గర వేలిమీద నిలబడింది. సగానికి మూడు అంగుళాలు ముందుకు, అంటే పొడవులో సుమారు 11 శాతం. ఇలాంటి బాణాలకు 10 నుంచి 15 శాతం దాకా మంచిదంటారు. పెద్దాయనకు శాతాలు తెలియవు. వేలికి తెలుసు.

100 గ్రెయిన్ల ములికి వేశాక ఈకలు లేని బాణాలు మిగతావాటి పక్కనే గుచ్చుకున్నాయి. పిల్ల నావైపు చూసి ఏమీ అనలేదు. నేనే "తప్పు నాదమ్మా" అన్నాను. నవ్వింది.

మొన్న ఎంపికల్లో మా పిల్లకు చోటు దొరకలేదు. ఆ మాట దాచను. కాని మానుకుంటాననే మాట మళ్ళీ రాలేదు. నెలకోసారి తన చేతి కొలత తీసి గోడమీద, ఆ కత్తిరింపు పక్కనే గీత గీస్తున్నాను. ఎదిగే పిల్లకు నిరుటి లెక్క ఈ ఏటికి పనికిరాదు. చదువులోనైనా, ఆటలోనైనా పిల్లలు గురి తప్పినప్పుడు ముందు చేతిలో మనం పెట్టిన బరువేమిటో తూచి చూద్దాం. మందలింపు తర్వాత సంగతి.

 భోజనాలు సిద్ధంగా ఉన్నాయని కోశాధికారిగారు సైగ చేస్తున్నారు. సెలవు.